స్క్రూ ముట్టకముందు చెవి పెట్టాలె

ఇట్ల దగ్గరికి జరుగు బిడ్డా, మంట మంచిగ అందుకున్నది. పొద్దుగాల నువ్వు ఆ అంబాసిడర్ బానెట్ లేపి కార్బేటర్ స్క్రూలు తిప్పుతాంటె చూసిన. "తాతా, స్లోల నిలుస్తలేదు, కార్బేటర్ మార్చాలె" అంటివి. మార్చుదువు గాని, ముందుగాల నా ముచ్చట విను. స్లో ఖరాబైన బండ్లు నా చేతికిందికెల్లి ఎన్నో పోయినయి. అండ్ల నిజంగ కార్బేటర్‌ది తప్పున్నవి తక్కువ. తప్పు పక్కన ఇంకోదాన్ల ఉంటది, పేచ్‌కస్ దెబ్బలు మాత్రం కార్బేటర్ తింటది.

నేను షెడ్ల చేరిన్నాడు మన మెట్‌పల్లి కరీంనగర్ జిల్లాలనే ఉండె. జగిత్యాల జిల్లా అయింది మొన్న 2016ల గదా. ఊర్ల కార్లంటె ఎవరెవరియో అందరికీ తెలుసు. పసుపు సావుకార్లవి, డాక్టర్లవి, ఎలక్షన్లొస్తె తిరిగే జీపులు. తర్వాత దుబాయి, మస్కట్ పోవుడు మొదలైంది. కోరుట్లకెల్లి, మెట్‌పల్లికెల్లి, చుట్టుపక్క పల్లెలకెల్లి పొల్లగాండ్లు ఒకరెనుక ఒకరు ఎల్లిపోయిండ్రు. అగో, గప్పుడు కిరాయి అంబాసిడర్లు పెరిగినయి. కొందరిని బొంబాయి దాక, కొందరిని హైద్రాబాద్ బేగంపేట ఎయిర్‌పోర్ట్ దాక దించి రావాలె. పోయెటోని వెంబడి ఇంటిల్లిపాది ఎక్కేది, పైన క్యారియర్ మీద పెట్టెలు. ఆ బండి నడిమిట్ల ఆగితె ఒకని వీసా పోయినట్టే. అందుకే మా ఉస్తాద్‌కు అంత గిరాకి ఉండె. షెడ్డంటె ఏమున్నది, రోడ్డు పక్కన నాలుగు గుంజలు, పైన తడకలు, ఒక గుంత. ఆ గుంతల దిగి పైకి చూసుకుంటనే నేను పని నేర్చుకున్న.

అంబాసిడర్ మన దగ్గర పుట్టిన బండి కాదు. ఇంగ్లండ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారుండె, దాని అచ్చులే తెచ్చి కలకత్త దగ్గర ఉత్తరపారల హిందుస్థాన్ మోటర్స్ వాళ్లు తయారు చేసిండ్రు. 1950ల చివరికెల్లి 2014 మే నెల దాక తయారైంది ఆ బండి. మనం ఎక్కువ చూసింది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. దాని కడుపు సంగతి తెలిస్తెనే నీ స్లో సంగతి తెలుస్తది, మంచిగ మనసు పెట్టు.

ఆ ఇంజన్‌కు ప్లగ్గులు, డెల్కో అంటె డిస్ట్రిబ్యూటర్, ఒక దిక్కు ఉంటయి. కార్బేటర్, సైలెన్సర్ పైపు రెండూ ఇంకో దిక్కు. పెట్రోలు గాలి లోపలికి పోయే మ్యానిఫోల్డ్, కాలిన పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ పక్కపక్కన హెడ్డుకు ఆనుకుంటయి. రెండిటికీ కలిపి ఒక్కటే ప్యాకింగ్. లోపలికి పోయే తొవ్వలు నాలుగు సిలిండర్లకు నాలుగుంటయి అనుకునేవు, రెండే ఉంటయి. ఒకటీ రెండు సిలిండర్లకు ఒకటి, మూడూ నాలుగుకు ఒకటి. పొగ బయటికొచ్చే తొవ్వలు మూడు, చివర్లకు చెరొకటి, నడిమి రెండు సిలిండర్లకు కలిపి ఒకటి. ఇగ సూడు, ఆ ఒక్క ప్యాకింగ్ ఒక కాడ కాలిందనుకో. ముందుగాల పొగ దిక్కు లీకైతది. ఆ వేడికి అంచు ఇంకింత కాలుతది, ఇన్లెట్ దిక్కు పాకుతది. ఇన్లెట్ దిక్కు సందు పడంగనే కార్బేటర్‌తోని సంబంధం లేకుంట గాలి దొంగతనంగ లోపలికి పోతది. యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఆ కొంచెం గాలి ఎవనికీ తెల్వది. కాలు తీసి స్లోల పెట్టినప్పుడు ఇంజన్‌కు కావాల్సిన గాలే కొంచెం, అండ్ల దొంగగాలి కలిస్తె పెట్రోలు పలుచనైతది. రెండు సిలిండర్లు ఒక్కసారి కొట్టుకుంటయి. బండి లేస్తది, పడ్తది, ఆగిపోతది. చూసెటోడు కార్బేటర్ అంటడు.

ఒక పసుపు సావుకారి బండి గట్లనే వచ్చింది ఒకసారి. పసుపు ఉడకవెట్టే దినాలు, మార్కెట్ల సరుకు దిగుతాంది, ఆయనకు నిజామాబాద్, జగిత్యాల తిరుగుడు ఆగది. అప్పటికే వేరే కాడ కార్బేటర్ రెండుసార్లు ఇప్పిపించిండు, కొత్త జెట్టు, కొత్త సూది ఏపించిండు. అయినా స్లో నిలువలె. ఉస్తాద్ బండిని చూసి పానా కూడ పట్టలె. "ఇయ్యాల పెట్టి పొండ్రి సేట్, రేపు పొద్దుగాల చూస్త" అన్నడు. నాకు సమజ్ కాలె, బండి నడుస్తాంటెనే గదా తప్పు దొరుకుతదని నా ఆలోచన.

తెల్లారి సలి. ఇంజన్ ఇనుము ముట్టుకుంటె జివ్వుమన్నది. నన్ను సెల్ఫ్ కొట్టమన్నడు. స్టార్ట్ అయితనే టిక్ టిక్ టిక్ అని చప్పుడు, టాపెట్ చప్పుడు లెక్కనే. కొంచెంసేపటికి బండి వేడెక్కింది, చప్పుడు తగ్గింది. ఉస్తాద్ చెప్పిండు, టాపెట్ చప్పుడైతె వేడెక్కినా గట్లనే ఉంటది. ఇది ఇనుము ఉబ్బి సందు మూసుకుంటె తగ్గే చప్పుడు. అందుకే పొగ లీకు చూడాల్నంటె రాత్రంత సల్లబడ్డ ఇంజన్ కావాలె. మధ్యాహ్నం ఎండల తెచ్చిన బండిల అది దొరకది.

మల్ల బండి బందువెట్టి, సల్లవడ్డంక మల్ల స్టార్ట్ చేయించిండు. ఎనుకకు పోయి సైలెన్సర్ మూతికి మందంగ మడిచిన తడిగుడ్డ అడ్డం పెట్టమన్నడు, కొన్ని సెకండ్లే. ఎక్కువసేపు పెడితె ఇంజన్ ఆగిపోతది. పొగకు ఎనుక తొవ్వ మూసేసరికి ముందల సందుకెల్లి బుస్సుమన్నది. పెట్రోల్ పైపు ముక్క ఒకటి ఉంటుండె ఉస్తాద్ దగ్గర, దాని ఒక మొన చెవుల పెట్టుకొని ఇంకో మొన ప్యాకింగ్ ఎంబడి మెల్లగ జరిపిండు. మూడో సిలిండర్ కాడ ఆగిండు. టార్చి పెట్టి చూస్తె అక్కడ ఇనుము మీద నల్లటి మసి గీత. అటెనుక ఇన్లెట్ దిక్కు అదే కాడ రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ ఏసిండు. అప్పటిదాక లేసి పడే బండి ఒక్క క్షణం నిమ్మలపడ్డది, మల్ల గట్లనే కొట్టుకున్నది. ఆయిల్ సందుల కూసున్నంతసేపు దొంగగాలి ఆగిందన్నట్టు. కొందరు ఆయిల్ బదులు పెట్రోలు కొట్టి చూస్తరు. నువ్వు గా పని ఎన్నడు చెయ్యకు. పక్కనే ఎర్రగ కాలే మ్యానిఫోల్డ్, భగ్గుమంటది.

ఇగ ఇప్పుడు, అసలు కష్టం ఇండ్లనే. మ్యానిఫోల్డ్ నట్లు ఇత్తడివి ఉండాలె. ఇనుప నట్టు ఆ వేడికి తుప్పుపట్టి స్టడ్డుతోని ఒక్కటైతది, తియ్యబోతె స్టడ్డే విరుగుతది. ఆ బండికి ఎవరో ఇనుప నట్లు ఏసిండ్రు. ఉస్తాద్ తొందర పడలె. కిరసనాయిలు, డీజిల్ కలిపి నట్ల మీద పోసి పొద్దంత నానవెట్టిండు. అటెనుక పానా పెట్టి కొంచెం వదులు చేసుడు, కొంచెం బిగించుడు, మల్ల కొంచెం వదులు చేసుడు. ఒక్కటి కూడ విరుగలె. ఆ ఓపిక నాకు రావడానికి శాన ఏండ్లు పట్టింది.

తీసి చూస్తె ప్యాకింగ్ మూడో సిలిండర్ కాడ కాలి బొగ్గైంది. పొగ దిక్కు మ్యానిఫోల్డ్‌కు సన్నని పగులు కూడ ఉన్నది. కొత్తది తెప్పియ్యాల్నంటె హైద్రాబాద్‌కెల్లి రావాలె. ఉస్తాద్ ఆ పగులు చివరన చిన్న తూటు కొట్టిండు, పగులు ఇంకింత పాకకుంట. కమ్మరి కొలిమి కాడికి తీసుకపోయి మొత్తం మ్యానిఫోల్డ్‌ను బొగ్గుల మీద వేడి చేపిచ్చిండు. పోత ఇనుము సల్లగ ఉన్నప్పుడు ఒక కాడనే మంట పెడితె పక్కన ఇంకో పగులు వస్తది, అందుకు. ఎర్రగైనంక ఇత్తడితోని పగులు నింపి, ఊక బూడిదల పాతిపెట్టిండ్రు. తెల్లారి దాక తియ్యలె. గాలికి ఒక్కసారి సల్లారితె మల్ల పగులుతది.

తర్వాత మూతి సాపు చెయ్యాలె. ఇక్కడొక కిటుకు చెప్త, రాసుకో. ఆ రెండు మ్యానిఫోల్డ్‌లను పట్టుకునే మందపు వాషర్లు ఉంటయి, ఒక్క వాషర్ సగం ఇన్లెట్ మీద, సగం ఎగ్జాస్ట్ మీద కూసుంటది. నువ్వు ఎగ్జాస్ట్ ఒక్కటే అరుగదీసినవనుకో, అది పలుచనైతది, వాషర్ వంకరగ కూసుంటది. ఎంత బిగించినా ఒకదాన్నే ఒత్తుతది, ఇంకోటి లీకైతది. అందుకే రెండిటినీ కలిపి సాపు చేపియ్యాలె, పైన వాషర్ కూసునే కాడ మందం కూడ సమానం ఉన్నదా చూడాలె. సాపు అయ్యిందా లేదా అనేది మందపు అద్దం మీద పెడితె తెలిసిపోతది, కింద కాయితం దూరొద్దు. బిగించేటప్పుడు నడిమికెల్లి మొదలువెట్టి రెండు చివర్లకు పోవాలె, ఒక్కసారి గట్టిగ కాదు, తిరిగి తిరిగి. బండి ఒకసారి వేడెక్కి సల్లారినంక మల్ల ఒకసారి. ఈ ఆఖరిది శానమంది మరుస్తరు, నెలకే మల్ల టిక్ టిక్ మొదలు.

సావుకారి కార్బేటర్‌ను ఉస్తాద్ ఏం చేసిండు అంటవా? వేరేటోళ్లు తిప్పిన స్క్రూలను మల్ల జాగకు తెచ్చిండు, గంతే.

పొగ లీకులను పట్టిచ్చుకోనోళ్లను చూస్తె ఇప్పటికీ నాకు మంట. కారు కింద పైపు, మ్యానిఫోల్డ్ లీకైతె ఆ పొగ ఫ్లోరు తూట్లకెల్లి, గేరు రాడ్డు కాడికెల్లి లోపలికొస్తది. అండ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురుల ప్రాణవాయువు జాగల అదే కూసుంటది. ముందు తలకాయ నొస్తది, తర్వాత నిద్ర ముంచుకొస్తది. సలికాలం రాత్రిపూట అద్దాలన్ని ఎక్కిచ్చుకొని, ఎనుక సీట్ల ఆడోళ్లు, పసిపోరగాండ్లు పండుకొని ఉంటరు. ఎయిర్‌పోర్ట్‌కు పోయే బండ్లు అన్నీ రాత్రే బయలెల్లేటియి. ఉస్తాద్ పైపు లీకున్న బండిని రాత్రి ప్రయాణానికి ఇడువకపోతుండె. డ్రైవర్లు కోపానికి వచ్చేది, ఓనర్లు పైసలకు లొల్లి పెట్టేది. అయినా ఇడువకపోతుండె. నిర్మల్ దిక్కు మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు సైలెన్సర్ల టప్ టప్ పేలుతాంది అని డ్రైవర్లు చెప్తె, ఇంజన్ బలం అనుకునేది జనం. అది కూడ లీకే. కాలు తీసినప్పుడు సందుకెల్లి బయటిగాలి పైపులకు పోయి, కాలకుంట మిగిలిన పెట్రోలు అక్కడ అంటుకుంటది.

ఇవన్నీ సరిగున్నంకనే కార్బేటర్. దాని ముందు కూడ పాయింట్ల గ్యాప్ 15 థౌ, ప్లగ్గు గ్యాప్ 25 థౌ ఉన్నదా ఫీలర్ గేజ్ పెట్టి చూడాలె. థౌ అంటె అంగుళంల వెయ్యో వంతు. నీ బండికున్నది ఎస్‌యు కార్బేటర్. పైన బుడ్డి లెక్క ఉంటది గదా, దాని లోపట పిస్టన్ పైకి కిందికి ఆడుతది. ఇంజన్ బంద్ పెట్టి దాన్ని వేలుతోని లేపి ఇడువు. టక్కుమని పడాలె. పడకుంటె జెట్టు నడిమిట్ల కూసోలేదు, లేకుంటె లోపట జిడ్డు. పైన మూత తీస్తె ఆయిల్ ఉండాలె, అది ఎండిపోతె పికప్‌ల తడవడ్తది. ఇంజన్ నడిచేటప్పుడు ఆ పిస్టన్‌ను వెంట్రుకంత లేపు. చప్పుడు పెరిగి గట్లనే ఉంటె పెట్రోలు ఎక్కువ పోతాంది. ఆగబోతె తక్కువ పోతాంది. కొంచెం పెరిగి మల్ల నిమ్మలపడితె సరిగున్నది. కింద ఆరుపలకల నట్టు కిందికి దించితె పెట్రోలు పెరుగుతది, పైకి ఎక్కిస్తె తగ్గుతది. ఒక్కొక్క పలకే తిప్పు, తిప్పి విను.

ఫియట్లకు, జీపులకు సోలెక్స్ కార్బేటర్ ఉండేది, దాని తీరు వేరు. స్లోకు విడిగ చిన్న జెట్టు. ట్యాంకుల తుప్పు రేణువు ఒక్కటి పడ్డా మూసుకపోతది. దాన్ని నోటితోని ఊది తియ్యి, తీగ మాత్రం పెట్టకు. తీగ పెడితె తూటు పెద్దగైతది, మల్ల ఆ జెట్టు ఎన్నడు సరిగ్గ పని చెయ్యది. మిక్చర్ స్క్రూను కూడ గట్టిగ బిగిస్తె మొన అరుగుతది. మెల్లగ ఆనే దాక తిప్పి, ఒకటిన్నర చుట్టు ఎనుకకు తీసి, అక్కడికెల్లి చెవితోని చూసుకోవాలె.

ఎండకాలం ముచ్చట వేరే. మే నెలల పెట్రోలు పైపులనే మరిగి ఆవిరైతది, పంపు గుంజది. డ్రైవర్లు పంపు మీద తడి గోనెపట్ట చుట్టుకొని పోయేది. ఇప్పుడు ఇంకో కొత్త తిప్పలున్నది, బంకులల్ల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తాంది. అది నీళ్లను గుంజుకుంటది, పాత రబ్బరును ఉబ్బిస్తది, పెట్రోలు పాళ్లు పలుచన చేస్తది. నీ బండి పైపులు, పంపు డయాఫ్రం కొత్తయి ఎయ్యి, ఒక్క పైపు కూడ పాతది ఉంచకు. ఆ ఆరుపలకల నట్టు ఒక పలక దించాల్సి రావొచ్చు. గాని అది ఆఖరికి.

రేపు పొద్దుగాల నేనొచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యకు. బయటికి తీసుడు కూడ వద్దు, అక్కడనే ఉండనియ్యి. మందపు గుడ్డ ఒకటి, పెట్రోల్ పైపు ముక్క ఒక మూరెడు, ఆయిల్ డబ్బ దగ్గర పెట్టు. ఇత్తడి నట్లు దొరుకుతయా, నిజామాబాద్‌కెల్లి తెప్పియ్యాల్నా, అది కూడ రాత్రికే అడిగి పెట్టు.