సప్పుడు లేని బొమ్మల భయం

మంటల ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా. మీరు గిట్ల జరుగుండ్రి. ఇప్పటి సిన్మాలల్ల సప్పుడే సగం భయపెడ్తది. మా తాతల కాలాన బొమ్మకు నోరే లేకుండె. అయినా జనం గుండెలు పట్టుకొని కూసునేది.

అప్పట్ల మన తిరుమలగిరి దిక్కు బాగోతాలే. సిన్మా అంటే పట్నమే. 1922ల ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలాయన హైదరాబాదుల లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి, ఇంద్రజిత్తు, చింతామణి అసొంటి మూగబొమ్మలు తీసిండు. తెర మీద నడుమనడుమ అక్షరాలు పడేటియి. సదువొచ్చినోడు పైకి సదివితే రానోళ్లు ఇనేది.

అమెరికాల అయితే మనిషి మనసుల భయాన్నే కత చేసిండ్రు. 1913ల లోయిస్ వెబర్ అనే ఆమె, మొగనితోని కలిసి ‘సస్పెన్స్’ అని పది నిమిషాల బొమ్మ తీసింది. ఊరవతల ఇల్లు. తల్లి, పసిపిల్ల, ఇంకెవ్వరు లేరు. ఓ దిమ్మరి సొర్రబడ్డడు. ఆమె పెనిమిటికి ఫోను చేసింది. అప్పుడు తెరను మూడు ముక్కలు చేసిండ్రు: ఒకదాంట్ల ఆమె, ఒకదాంట్ల మొగడు, ఒకదాంట్ల దొంగ. వాడు ఫోను తీగ కోసేది మనకు కనపడ్తది. మొగడేమో ఎవల్దో కారు గుంజుకొని ఉరుకుతడు. పోలీసులు ఆయన ఎంబడే పడ్తరు. దొంగ మెట్లెక్కుతుంటే వాని మొఖం మన మీదికే వస్తది.

మరుసటేడు అక్కడ్నే గ్రిఫిత్ అనే ఆయన ఇంకో బొమ్మ తీసిండు, ఎడ్గార్ అలన్ పో అనే రచయిత కతల మీద. పిలగాడు సొంత మామను సంపినట్టు కత. పోలీసాయన ఎదురుంగ కూసొని పెన్సిలుతోని బల్ల మీద కొడ్తుంటడు, కాలు ఆడిస్తుంటడు. గోడ గడియారం ఊగుతుంటది. ఒక్క సప్పుడు లేదు. అయినా సచ్చినోని గుండె కొట్టుకున్నట్టే పిలగానికి ఇనపడ్తది, మనకూ ఇనపడ్తది. ఆ సప్పుడు తెర మీద లేదు బిడ్డా, సూసేటోని లోపలుంది.

నోరు లేని బొమ్మని తక్కువ లెక్క కట్టకుండ్రి. 1924ల గంగూలీ ‘రజియా బేగం’ అనే బొమ్మ ఆడించిండు. ఢిల్లీ ఏలిన రజియా ప్రేమ కత. ఆ కత మీద నిజాముకు కోపమొచ్చి గంగూలీని హైదరాబాదు నుంచే ఎల్లగొట్టిండు. లోటస్ కంపెనీ కత అక్కడితోనే అయిపోయింది. ఆయన కలకత్తకు పోయి మళ్లీ సిన్మాలే తీసిండు. 1975 ఏటికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా ఆయనకే ఇచ్చిండ్రు.

వెబర్ బొమ్మ ఇప్పటికీ దొరుకుతది. ఫోన్ల సప్పుడు పూర్తిగ బందు చేసి, ఆ పది నిమిషాలు సూడుండ్రి.