తీరికగా కాలాపానీకి

మాదాపూర్‌లో మా అబ్బాయి అద్దెకుంటున్న వాటా కిటికీలోంచి సైబర్ టవర్స్ కనిపిస్తుంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఆ గుండ్రటి మేడ, తన తరువాత లేచిన అద్దాల మేడల మధ్య ఇప్పుడు పొట్టిగా, కాస్త పాతబడినట్టుగా నిలబడి ఉంటుంది. పోయిన చలికాలంలో ఒక రాత్రి, అమెరికా వాళ్లతో మాట్లాడే పని ముగించుకుని వచ్చి, మావాడు ఒక యాత్రా సంస్థ కరపత్రం నా చేతిలో పెట్టాడు. అండమాన్ దీవులు, ఆరు రాత్రులు, ఏడు పగళ్లు. నిదానంగా సాగే విహారమనీ, స్థానిక సంస్కృతీ సముద్రతీరమూ రెండూ కలిసివస్తాయనీ అందులో ఉంది. "అక్కడ ఏమీ చెయ్యక్కర్లేదు నాన్నా, ఊరికే కూచోవచ్చు" అన్నాడు. ముప్పై యేళ్లవాడు, ఊరికే కూచోవడం కోసం ఏడాదంతా డబ్బు కూడబెట్టాడు. కాదనలేకపోయాను.

వెళ్లి వచ్చాను. ఇసుక తెల్లగా ఉంది, నీళ్లు నీలంగా ఉన్నాయి. ఆ సంగతులు రాయడానికి వేరే కలాలున్నాయి. ఆ వారం రోజులూ నన్ను వదలని ఒక ప్రశ్నను మిత్రుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం. ఆ దీవుల్లో తీరిక అనేది ఎప్పుడు, ఎవరికి, ఎవరి చెమట మీద దొరికింది? 'స్థానికులు' అని మనం రాసేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నాం?

హైదరాబాదు నుంచి అండమాన్ చేరినవారిలో చరిత్ర పేరుపెట్టి చెప్పేవాడు మౌల్వీ అల్లాఉద్దీన్. 1857 జూలై 17, శుక్రవారం నాడు అతనూ తుర్రేబాజ్ ఖానూ రోహిల్లాల దండును వెంటబెట్టుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచారు. తిరుగుబాటు చేసి నగరానికి వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టి తెల్లవాళ్లకు అప్పగించడం దానికి తక్షణ కారణం. ఫిరంగుల ముందు ఆ దాడి తెల్లవారేదాకా నిలవలేదు. ఇద్దరికీ ద్వీపాంతరవాస శిక్ష పడింది. తుర్రేబాజ్ ఖాన్ చెర తప్పించుకుని పారిపోయి, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర తూటాకు బలయ్యాడు. అల్లాఉద్దీన్ సముద్రం దాటాడు. మళ్లీ హైదరాబాదు చూడలేదు.

ద్వీపాంతరవాసం! మన పెద్దలు ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేవారు. మేం శంషాబాద్‌లో విమానమెక్కి, ఇచ్చిన ఉప్మా తిని, ఒక కునుకు తీసేసరికి అక్కడున్నాం.

ఇక్కడ పేర్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఖైదీల వలసగా ఆ దీవులను 1858 మార్చి 10న మొదలుపెట్టారు. డాక్టర్ వాకర్ అనే అధికారి, రెండువందల మంది తిరుగుబాటుదార్లు. మనం ఇవాళ వెళ్లి సేదదీరే హావ్‌లాక్ దీవి, నీల్ దీవి ఎవరి పేర్లు మోశాయి? కాన్పూరు, లక్నోల మీదికి సైన్యాన్ని నడిపించిన హావ్‌లాక్‌వి. అలహాబాదు దారి పొడుగునా చెట్లకు మనుషులను వేలాడదీసిన నీల్‌వి. ఓడిపోయినవాణ్ణి తెచ్చి ఆ దీవుల మధ్య పడేసి, ఆ దీవులకు గెలిచినవాడి పేరు పెట్టడంలో సామ్రాజ్యవాదుల చమత్కారం ఎంతటిదో చూడండి. 2018 డిసెంబరులో వీటిని స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. అవుట్‌రామ్, లారెన్సుల పేర్లతో దీవులు ఇంకా ఉన్నాయి. బోర్డుల మీద పేరు మారినా పడవ టిక్కెట్లు అమ్మేవాడు హావ్‌లాక్ అనే కేకవేస్తున్నాడు.

తీరిక అనే సరుకు మొదట దొరికింది రాస్ దీవిలో. పట్నానికి ఎదురుగా, పడవ మీద పావుగంట దూరం. తెల్ల అధికారుల నివాసం అక్కడ. చర్చి, రొట్టెల భట్టీ, నాట్యశాల, టెన్నిసు ఆట స్థలం, ఈతకొలను, క్లబ్బు — అన్నీ ఖైదీల చేత కట్టించుకున్నారు. సాయంత్రం పూట గాలి బాగుంటుంది, మేమూ కూచున్నాం. 1941 జూన్ భూకంపం ఆ వైభవాన్ని కుదిపింది, 1942 మార్చిలో జపాను సైన్యం దిగేసరికి దొరలు ఖాళీ చేశారు. ఇప్పుడు మర్రివేళ్లు గోడలను పామును పట్టిన గద్దలా పట్టుకుని ఉన్నాయి. మార్గదర్శి ఆ శిథిలాల మధ్య నిలబడి దొరల భోగాన్ని గురించి ఎంతో ముచ్చటగా చెప్పాడు. రాయి మోసినవాళ్ల గురించి అడిగితే, "అది సాయంత్రం జైల్లో చెపుతారు సార్" అన్నాడు. విహారపు పట్టికలో కష్టానికి వేరే గంట కేటాయించారన్నమాట.

ఆ జైలు 1896లో మొదలై 1906కు పూర్తయింది. ఏడు రెక్కలు, దాదాపు ఏడువందల ఒంటరి గదులు. ఒక్కొక్కటి పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఒక రెక్క ముఖం ఇంకో రెక్క వీపుకు ఎదురుగా ఉంటుంది. మనిషికి మనిషి కనబడడు. మూడు రెక్కలే మిగిలాయి. కూల్చిన వాటి స్థలంలో ఆసుపత్రి ఉంది. 1979లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

అందులో నన్ను నిలబెట్టేసింది ఉరికంబం కాదు, గానుగ. ఎద్దు తిరగవలసిన చోట మనిషిని కట్టారు. రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరినూనె తీయాలి, అంటే మన లెక్కలో పదమూడున్నర కిలోలు. గానుగ దగ్గర కాకపోతే కొబ్బరి డొక్క దంచి పీచు తీసి తాడు పేనాలి. తక్కువైతే సంకెళ్లు, కొరడా. ఆ ఉదయమే మావాడు కొబ్బరిచెట్ల నీడన వాలుకుర్చీలో పడుకుని బొండం తాగుతూ ఫోటో దిగాడు. అదే కాయ, అదే దీవి. నేనేమీ అనలేదు. వాడు గానుగ ముందు నిలబడి చాలాసేపు చదివాడు. చదివి, "రోజుకు టార్గెట్టా!" అన్నాడు. ఆ మాట వాడికి నాకన్నా బాగా తెలుసు.

ఇక్కడ అభ్యుదయ రచయితలు మరువరాని ఒక ఘట్టం ఉంది. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్షకు దిగారు. ఏమడిగారు? తినదగిన తిండితో పాటు రాత్రిపూట దీపం, పుస్తకాలు, పత్రికలు. ముక్కులోంచి గొట్టంతో పాలు పోయబోయి మహావీర్ సింగ్‌ను, మోహిత్ మొయిత్రాను, మోహన్ కిశోర్ నామదాస్‌ను పొట్టన పెట్టుకున్నారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చింది. దీపం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. ఆ దీపాల కింద చదువుకుని 1935లో అక్కడే కమ్యూనిస్టు కన్సాలిడేషన్ అనే బృందంగా ఏర్పడ్డారు. 1937లో మళ్లీ దీక్ష చేసి, 1938 నాటికి స్వదేశపు జైళ్లకు తిరిగి వచ్చారు. ఆ దీవిలో చదువుకునే తీరికను ముగ్గురి ప్రాణాలిచ్చి కొనుక్కున్నవాళ్లు వీళ్లు. మన మన్యం నుంచి వెళ్లిన గాం మల్లుదొరను కూడా తలచుకోవాలి. అల్లూరి సీతారామరాజు అనుచరుడిగా అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనవాడు.

ఇక స్థానిక సంస్కృతి. మేం దిగిన విడిదిలో ఒక రాత్రి ఆ పేరుతో కార్యక్రమం పెట్టారు. పాడిన కుర్రవాడి తాత తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకుడిగా వచ్చినవాడు. హావ్‌లాక్‌లో 1950లలో అడవి కొట్టి ఊళ్లు కట్టుకున్నది ఆ కాందిశీకులే. అందరూ ఎగబడి వెళ్లే రాధానగర్ తీరానికి ఆ పేరు వాళ్ల ఊరిది. డోలు వాయించినవాడు 'రాంచీ' మనిషి. ఛోటానాగపూర్ నుంచి 1918 మొదలుకుని అడవి పనికి తెచ్చిన ఉరావ్, ముండా కూలీల సంతతికి అక్కడ ఆ ఊరే కులనామమైంది. ఇద్దరూ హిందీ సినిమా పాటలే వినిపించారు. చప్పట్లు బాగా పడ్డాయి.

మరి నిజంగా ఆ నేల మీద పుట్టిన జాతులేవి? 1859 మే 17న గ్రేట్ అండమానీయులు బాణాలతో అబర్దీన్ దగ్గర ఖైదీల వలసను ముట్టడించి, తుపాకుల ముందు కూలారు. ఆ తరువాత తుపాకి అవసరం అంతగా లేకపోయింది. 1877లో తట్టు, అంతకు ముందూ వెనుకా సవాయి రోగం ఆ పని చేశాయి. వేలల్లో ఉన్నవాళ్లు ఇవాళ యాభై మంది చిల్లర. 2010లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోయినప్పుడు ఆమెతో 'బో' భాషకూడా పోయింది. భాష మీద బతికే మనకు ఈ వార్త ఎంత పెద్దదై ఉండాలి!

జరవా వాళ్లు మిగిలారు, దూరంగా ఉన్నారు గనక. వాళ్ల అడవిని చీల్చుకుంటూ రోడ్డు వేశారు. హైదరాబాదులో సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్న ఆ రోజుల్లోనే, 1998 ప్రాంతంలో, జరవాలు మొదటిసారి పగటిపూట అడవి దాటి బయటి జనం మధ్యకు రాసాగారు. మరుసటేడే వాళ్లలో తట్టు వ్యాపించింది. ఆ రోడ్డును మూసివేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, మూయలేదు. 2012లో జరవా స్త్రీల చేత తిండి ఆశ చూపి నాట్యం చేయించిన దృశ్యాలు లోకమంతా చూసింది. ఇప్పుడు జిర్కటాంగ్ దగ్గర బళ్లన్నిటినీ వరస కట్టించి పోలీసు కాపలాతో పంపుతారు. ఆగకూడదు, ఫోటో తీయకూడదు. అయినా మా బృందంలో ఒకాయన "కనబడతారా?" అని డ్రైవర్ను మూడుసార్లు అడిగాడు. బారాటాంగ్‌లో చూడవలసింది సున్నపురాయి గుహలని కరపత్రం. నేనూ మావాడూ ఆ రోజు బండెక్కలేదు. అందులో గొప్పతనమేమీ లేదు, అంతకు ముందు రోజే గానుగ చూశాం అంతే.

ఆ మిగిలిన పూట జంగ్లీఘాట్ వెళ్లాం. చేపలరేవు. నాలుగడుగులు వేశామో లేదో చెవిలో సోంపేట, బారువ పలికాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందకు సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలకు, రేవు పనికి, కట్టుబడికి దశాబ్దాలుగా వెళ్లినవాళ్లూ వాళ్ల పిల్లలూ. తట్ట ముందు కూచున్న ఒకామె మమ్మల్ని పోల్చింది.

"ఎక్కడోలు బాబూ?"

"హైదరాబాదమ్మా."

"జైలు సూసీసినారా?"

"చూశాం. మీదే ఊరు?"

"మాదిక్కడే. మా తాత వొచ్చినాడు బారువ నుంచి. నేనూ నా కూతురూ ఇక్కడే పుట్టీసినాం."

ఆమె 'ఇక్కడే' అన్న మాటకు కాగితం వేరే అర్థం చెపుతుంది. 1942కు ముందు స్థిరపడినవారి వంశీకులను అక్కడ 'ప్రీ ఫార్టీటూ' అంటారు. వెనుకబడిన వర్గాల జాబితా తయారుచేసినప్పుడు వాళ్లనూ, భాంతులనూ, కరెన్లనూ, మోప్లాలనూ, తూర్పు బెంగాల్ నిర్వాసితులనూ గుర్తించారు. తరువాత ఓడ దిగిన తెలుగు జాలరికి ఆ వరుసలో చోటు దొరకలేదు. 2004 డిసెంబరు 26 సునామీ మాత్రం ఎవరు ఎప్పుడొచ్చారని అడగలేదు. విహార కరపత్రంలోని 'స్థానిక సంస్కృతి'లో ఈమె లేదు. ఆమె అమ్మిన చేప మాత్రం విడిదిలో ఆకులో చుట్టి కాల్చి పెడతారు. మన వాళ్లు రాసిన అండమాన్ యాత్రలు నేను చదివినంతలో జైలు దగ్గర కన్నీళ్లున్నాయి, తీరం దగ్గర ఉపమానాలున్నాయి. జంగ్లీఘాట్ తెలుగు లేదు. మనవాళ్లు ద్వీపాంతరంలో తెలుగు విన్నప్పుడల్లా పులకించి భాషాభిమానం చాటుకుంటారు గాని, ఆ తెలుగు అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో అడగరు. అడిగితే శ్రీకాకుళం నుంచి మొదలుపెట్టాలి.

తిరిగి వచ్చాక ఒక సాయంత్రం శిల్పారామం వెళ్లాను. మాదాపూర్ ఇంకా పల్లెటూరుగా ఉన్న రోజుల్లో, 1992లో, ఏర్పాటు చేసింది. లోపల పల్లె ఉంది: కుమ్మరి, సాలె, మేదరి బొమ్మలు, సారె తిప్పుతూ, మగ్గం నేస్తూ, ఏళ్ల తరబడి కదలకుండా. చుట్టూ ఉన్న అసలు పల్లె సైబరాబాద్ అయింది. టిక్కెట్టు కొని పల్లెను చూడడానికి అలవాటుపడిన కన్ను దీవికి వెళ్లినా అటువంటి బొమ్మనే వెదుకుతుంది. జరవాను కిటికీలోంచి చూడాలన్న ఆ పెద్దమనిషిదీ హైటెక్ సిటీయే; మా పక్కవీధి.

మావాడి కిటికీ కింద ఇంకొక మేడ లేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం నీళ్ల పీపా నీడలో కూచుని అన్నం తింటున్న కుర్రవాడి మాట పైకి వినబడి దిగి వెళ్లాను. ఇచ్ఛాపురం దగ్గర ఊరు. అండమాన్‌లో పినతండ్రి ఉన్నాడట, పడవ మీద. నువ్వూ అక్కడికి వెళ్లలేకపోయావా అంటే, ఇక్కడ కూలి రోజుకు వంద ఎక్కువ అన్నాడు. ఇంటికి ఎప్పుడు వెళతావని అడిగాను.

"సంకురేత్రికి బాబూ. నాలుగు రోజులిస్తాడు మేస్త్రీ. రెండ్రోజులు రైల్లోనే అయిపోతాయి."