తెలుగు వేషం వేసిన ఇంగ్లీషు అక్షరాలు

1990ల చివర్లో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌కి ఎక్కినప్పుడు తెర మీద కనిపించింది తెలుగే అయినా, కంప్యూటరుకు అందింది తెలుగు కాదు. ఇంగ్లీషుకూ, యూరపు భాషలకూ కేటాయించిన గళ్లలో మన తలకట్లనూ గుడులనూ వొత్తులనూ ముక్కలుగా కూర్చి ఫాంట్లు తయారుచేసేవారు. ఫాంటు ఉన్న యంత్రంలో ఆ ముక్కలు అతుక్కుని తెలుగు వేషం వేసేవి. లేని యంత్రంలో పుటంతా అర్థంలేని రోమన్ లిపే. ఈనాడుది ఒక ఫాంటు, వార్తది మరొకటి. ఒకదాని గళ్ల అమరిక మరొకదానికి పొసగదు. ఫాంటు దించుకున్న పాఠకుడికి ఇందులో లోటేమీ తెలియదు. కానీ పుటను కళ్లతో చదవని పాఠకులు ఇద్దరున్నారు: సెర్చ్ ఇంజిన్ ఒకటి, అంధులకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ రెండోది. ఇద్దరూ చదివేది అడుగునున్న సంకేతాలనే. అందుకే వెతికితే దొరకడమూ, చూడలేనివారికి వినబడడమూ వేర్వేరు సౌకర్యాలని నేననుకోను. ప్రమాణాన్ని పాటిస్తే రెండింటికీ ఒకేసారి దారి పడుతుంది, తప్పితే ఒకేసారి మూసుకుపోతుంది.

ఆ ప్రమాణం పత్రికల సైట్లకంటే ముందే పుట్టింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన ప్రధాన భారతీయ లిపులకు వర్ణమాల క్రమంలో ఉమ్మడి సంకేతాలిచ్చిన ఇస్కీ 1991లో జాతీయ ప్రమాణమైంది. దాని 1988 నాటి రూపం ఆధారంగానే అదే 1991లో యూనికోడ్ తొలి సంచిక తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అందులో 'క' సంఖ్య 3093, గుడి సంఖ్య 3135. 'కి' రాయాలంటే ఈ రెండు సంఖ్యలూ పలికే వరుసలోనే పక్కపక్కన నిలుస్తాయి. గుడి ఎక్కడ అతకాలో, వొత్తు ఏ వంపు తిరగాలో చూసుకునే పని ఫాంటుది. భాషను రూపం నుంచి వేరుచేసిన ఈ ఏర్పాటే అసలు మలుపు. ఫాంటు మార్చినా మాట మారదు. వెతికే యంత్రమూ వినిపించే యంత్రమూ ఒకే మాటను అందుకుంటాయి.

అప్పటి కంప్యూటర్లు యూనికోడ్ తెలుగును చూపలేకపోయాయి కదా, పత్రికలు ఏం చేస్తాయి? ఈ ఆక్షేపణలో న్యాయముంది. విండోస్‌లో గౌతమి ఫాంటు 2001లో ఎక్స్‌పీతోనే వచ్చింది. అప్పుడు కూడా భారతీయ లిపుల మద్దతును విడిగా చేర్చుకోవలసి వచ్చేది. అయితే వార్తను ప్రామాణిక సంకేతాల్లో దాచుకుని, చూపేటప్పుడు మాత్రం సొంత ఫాంటులోకి మార్చే వీలు అప్పుడూ ఉంది. అలా దాచని పాత పుటలను చదవడానికి 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత కావలసి వచ్చింది: ఒక్కో పత్రిక ఫాంటుకూ ఒక్కో పట్టిక పెట్టుకుని అది అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చేది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ అవస్థ లేదు. అది యూనికోడ్ మీదే నిలిచింది కనుక తెలుగులో వెతికినవారికి తెలుగులోనే దొరికింది. 2006లో వచ్చిన లేఖిని అనే ఉపకరణం తెలుగు టైపింగ్ భయాన్ని పోగొట్టాక బ్లాగులు కూడా అదే బాట పట్టాయి.

ఫాంట్ల చిక్కు తీరినా పాత అలవాటు బొమ్మల రూపంలో మిగిలింది. ప్రభుత్వ ఉత్తర్వుల్లో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఇంకా ఎన్నో. ప్రకటనలు, వార్తా క్లిప్పింగులు ఫోటోలుగా తిరుగుతున్నాయి. బొమ్మలోని అక్షరాలను యంత్రాలే చదివేస్తున్నప్పుడు బెంగెందుకని అడిగేవారున్నారు. యంత్రం చదివేది ఊహించి. మసకబారిన స్కానులో ఒక్క వొత్తు తప్పినా పేరు మారిపోతుంది. ఏం రాశామో కచ్చితంగా తెలిసిన మనం ఆ సంగతి చెరిపేసి, యంత్రాన్ని ఊహించమనడం ఏం న్యాయం? తెలుగు అక్షరాలు ఎక్కువ చోటు తింటాయన్న ఫిర్యాదూ నిలవదు. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే వెయ్యి సంకేతాలకు మూడు వేల బైట్లు. ఆ పాఠాన్నే ఫోటో తీస్తే దానికి ఎన్నో రెట్లు.

నిజమైన చిత్రానికి మాటల్లో ప్రత్యామ్నాయం ఇవ్వాలని 1999 మేలో వెలువడిన తొలి వెబ్ సౌలభ్య మార్గదర్శకాల్లో మొదటి సూత్రమే చెప్పింది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా చూడమంటుంది. చేయవలసిన పని కూడా పెద్దది కాదు: పాఠాన్ని యూనికోడ్‌లో ఉంచడం, శీర్షికను శీర్షికగా గుర్తించడం, బొమ్మకు వివరణ రాయడం, పుట భాష తెలుగని కోడ్‌లో తెలపడం. ఆ చివరి గుర్తు ఉంటే, తెలుగు గొంతు ఉన్న స్క్రీన్ రీడర్ దానంతట అదే ఆ గొంతుకు మారగలదు. ప్రభుత్వ శాఖలు సైటుకు టెండరు పిలిచేటప్పుడే ఈ నాలుగూ షరతులుగా రాయాలి. బిల్లు చెల్లించేముందు స్క్రీన్ రీడర్ వాడేవారి చేత పరీక్ష చేయించాలి.