ఆ రాత్రి సత్యభామ ఏమన్నది?

భామాకలాపంలో రెండు రకాల మాటలుంటాయి. మొదటివి కవి కూర్చినవి: పద్యాలు, దరువులు, కందార్థాలు, సత్యభామ కృష్ణుడికి వ్రాసే లేఖ. ఇవి గురువు నోటినుంచి శిష్యుడికి, ఒక వ్రాతపుస్తకం నుంచి మరొక పుస్తకానికి చేరుతూ వచ్చాయి. రెండవవి ఏ పుస్తకంలోనూ ఉండవు, ఆ రాత్రి, ఆ పందిరి కింద, ఆ జనం ఎదుట పుడతాయి. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే భామను మాధవి గుచ్చిగుచ్చి అడుగుతుంది. రాయబారానికి వెళ్ళాలంటే ముక్కెర ఇమ్మంటుంది. భామ బేరమాడుతుంది, అలుగుతుంది, బ్రతిమాలుతుంది. ఈ సంవాదానికి చట్రం ఉన్నదే గాని, మాటలు చాలా మటుకు నటుల సొంతం. ఊరు మారితే మాట మారుతుంది. పంటలు పండిన ఏడాది పడిన చమత్కారం కరువు ఏడాది పడదు.

మొదటి రకం మాటలు మనకు దక్కాయి. రెండవ రకం మాటల సంగతి ఏమిటన్నదే ఈ వ్యాసం.

మా నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో భాగవతమంటే తూర్పు భాగవతమే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలలో పెరిగిన కళారూపం ఇది. కథ సత్యభామదే, ఆ సత్యభామ వేషం కట్టేది మగవాడే. కూచిపూడి కంటే ఇక్కడ మృదంగానికి పెత్తనం ఎక్కువ. వేషధారి ఆటకూ మృదంగం జతులకూ పోటీ పడుతుంటే తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదు. ఈ ప్రాంతపు పెద్దవాళ్ళను కదిపి చూడండి. ఫలానా ఊరి జాతరలో సత్యభామ మాధవికి ఇచ్చిన జవాబును ఇప్పటికీ నవ్వుతూ చెప్పేవారు కనిపిస్తారు. మా ఎరికలో ఒక పెద్దాయన, ముక్కెర బేరంలో భామ చౌకధరల దుకాణం బియ్యాన్ని ఎలా ఇరికించిందో అభినయించి మరీ చూపించారు. ఏ సంవత్సరమని అడిగితే తెలియదు. వేషధారి పేరు గుర్తులేదు. మాధవి అడిగిన ప్రశ్న కూడా మరచిపోయారు, జవాబు మాత్రం మిగిలింది. ఆయన తరువాత అదీ ఉండదు.

వ్రాసి పెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు. నరసన్నపేట నుంచి వంశధార వైపు వెళితే శ్రీముఖలింగం వస్తుంది. తూర్పు గాంగుల కళింగనగరం అదేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ గుడి గోడల నిండా శాసనాలే. అఖండదీపానికి ఎవరు ఎంత ఇచ్చారో వందల ఏళ్ళ తరువాత కూడా చదువుకోవచ్చు. దానం శాశ్వతంగా సాగాలి గనుక రాతికెక్కింది. ఆ దీపం వెలుగులో ఎవరు ఏమి పాడారో, ఏమి ఆడారో దాతకు పట్టలేదు, శిల్పికి చెప్పినవారూ లేరు. ఏది వ్రాయదగినదని ఒక కాలం అనుకుంటుందో అదే తరువాతి కాలానికి చరిత్ర అవుతుంది.

విజయనగరంలోనూ ఇదే జరిగింది. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథలో ఒక్కడే అన్ని పాత్రలూ అయ్యేవాడు. ఆయన హరికథలు అచ్చయినాయి, స్వీయచరిత్ర ‘నా ఎఱుక’ ఉన్నది. అయినా సభను చూసి అప్పటికప్పుడు అల్లిన పిట్టకథలలో మనకు చేరినవి ఎన్ని? గురజాడ దినచర్యలు వ్రాసుకున్నాడు, కన్యాశుల్కాన్ని రెండుసార్లు అచ్చువేశాడు. 1897 నాటి ప్రతికీ 1909 నాటి ప్రతికీ మధ్య మధురవాణి ఎంత ఎదిగిందో పక్కపక్కన పెట్టుకొని చూడగలం. కాని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన రాత్రి గిరీశం వేషధారి గొంతు ఎలా పలికిందో ఆ రెండు ప్రతులూ చెప్పవు.

ఇలాంటి నష్టం ఎంతటిదో తెలియాలంటే ఇంగ్లండులోని ఒక ఇంటి కథ చెప్పుకోవాలి. యార్క్‌షైర్‌లో హావర్త్ అనే ఊరు. 1826లో అక్కడి చర్చి గురువు పాట్రిక్ బ్రాంటీ తన కొడుకు బ్రాన్‌వెల్ కోసం పన్నెండు కొయ్య సిపాయిలను తెచ్చాడు. షార్లెట్, ఎమిలీ, ఆన్ తలా ఒక సిపాయిని ఎన్నుకొని పేరు పెట్టుకున్నారు. షార్లెట్ సిపాయి వెల్లింగ్టన్ ప్రభువు, బ్రాన్‌వెల్ సిపాయి బోనపార్టీ. ఆ ఆట నుంచి ఒక రాజ్యం పుట్టింది, దానికి యుద్ధాలు, మంత్రులు, పత్రికలు వచ్చాయి. సిపాయిల చేతికి సరిపోయేటంత చిన్న పుస్తకాలు కుట్టి, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాలతో పిల్లలు వాటిని నింపారు. షార్లెట్, బ్రాన్‌వెల్ వ్రాసినవి చాలా మిగిలాయి. ఆ చిన్న పుస్తకాలలో ఒకదానిని హావర్త్‌లోని బ్రాంటీ మ్యూజియం 2019లో వేలంలో కొని ఇంటికి తెచ్చుకున్నది.

చిన్న చెల్లెళ్ళిద్దరి కథ వేరు. ఎమిలీ, ఆన్ విడిపోయి గోండల్ అనే తమ సొంత దేశాన్ని కట్టుకున్నారు. పెద్దవాళ్ళయినా ఆ ఆట మానలేదు. 1845లో ఇద్దరూ యార్క్ నగరానికి ప్రయాణమైనప్పుడు దారి పొడుగునా గోండల్ రాకుమారులు, రాకుమార్తెలు అయిపోయి, పారిపోయి రాజు పక్షంలో చేరబోతున్నట్టు ఆడుకున్నారు. అప్పటికి ఎమిలీకి ఇరవయ్యారేళ్ళు నిండాయి. ఈ సంగతి మనకు ఎలా తెలుసు? ఆ జూలైలో తన పుట్టినరోజు సందర్భంగా ఎమిలీ ఒక కాగితం మీద వ్రాసిపెట్టింది గనుక. అక్కచెల్లెళ్ళిద్దరూ కొన్నేళ్ళకొకసారి అలాంటి కాగితాలు వ్రాసి దాచుకునేవారు. గోండల్ గురించి వాళ్ళు వ్రాసిన వచన గాథలు మాత్రం ఒక్కటీ మిగలలేదు, పద్యాలే మిగిలాయి. ఫానీ రాచ్‌ఫర్డ్ అనే పరిశోధకురాలు ఆ పద్యాలను వరుసలో పేర్చి 1955లో గోండల్ కథను తిరిగి నిలబెట్టే ప్రయత్నం చేసింది. ఆ వరుస సరైనదేనా అన్న వాదం తెగలేదు. మన దరువుల పుస్తకాలు చూసినప్పుడల్లా నాకు గోండల్ గుర్తుకు వస్తుంది. అక్కడా ఇక్కడా పద్యం దక్కింది, మధ్యలోని మాట పోయింది.

పాత్రను ధరించి అప్పటికప్పుడు కథ అల్లుకోవడమే ఆటగా మారి, నియమాలతో పుస్తకమై అంగడికెక్కింది మాత్రం 1974లో. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చువేశారు. మన పిల్లలు రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటున్న జాతికి మూలపురుషుడు ఇదే. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క పాత్ర: యోధుడో, మాంత్రికుడో, దొంగో. ఇంకొకరు ఆ లోకాన్ని నడిపిస్తారు. ఎదురైన చిక్కును ఆయన చెబుతాడు, మీరేం చేస్తారని అడుగుతాడు. వాళ్ళు పాత్రగా జవాబు చెబుతారు, పాచికలు ఫలితాన్ని తేలుస్తాయి. ఆ నడిపేవాడి పని మనకు తెలియనిది కాదు. కూచిపూడి సంప్రదాయంలో సూత్రధారుడే మాధవి కూడా అయి, భామను అడిగి, అడ్డుపడి, రెచ్చగొట్టి కథను ముందుకు జరుపుతాడు. పాచికలు లేవు గాని, ఆ పనిని జనం చేస్తారు. నవ్వితే మాట నెగ్గినట్టు.

ఈ ఆటలోనూ నియమాల పుస్తకం మిగిలి, ఆడిన రాత్రి పోయే ప్రమాదం ఉన్నది. ఆటగాళ్ళు దానిని త్వరగానే గ్రహించారు. 1975లో లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ ఒక పత్రిక మొదలుపెట్టింది. సభ్యులు తమ పుటలు తామే వ్రాసి పంపితే ఆమె కలిపి కుట్టి అందరికీ పంచేది. తమ పాత్రలు ఏ గుహలోకి దిగాయో, ఎవరు చచ్చారో, ఎవరు ఏ మాటన్నారో అందులో వ్రాసుకున్నారు. ఆర్నెసన్ సైతం తన బ్లాక్‌మూర్ ఆట తాలూకు కాగితాలను 1977లో పుస్తకం చేశాడు. ఈనాడు ఆ ఆటల చరిత్ర వ్రాసేవారికి ఆధారం ఇలాంటి చిల్లర కాగితాలే.

వ్రాసినందువల్ల ఏమి దక్కిందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ వ్రాసిన డ్రాగన్‌లాన్స్ నవలల్లో రైస్ట్‌లిన్ అనే మాంత్రికుడున్నాడు. లక్షలాది పాఠకులు ఎరిగిన అతని గుసగుస గొంతు రచయితలు కూర్చుని ఊహించినది కాదు. నవలకు ముందు ఆటను ఆడి చూస్తున్నప్పుడు ఆ పాత్ర వహించిన టెర్రీ ఫిలిప్స్ నోట అప్పటికప్పుడు వచ్చినది. వినవలసినవారు ఆ పూట అక్కడ ఉండబట్టి అది పుస్తకానికెక్కింది.

రెండవది జపానుది. 1986లో కాంప్టిక్ అనే పత్రిక ఒక ఆటను ఆటగాళ్ళ సంభాషణల రూపంలో, నాటకం వ్రాసినట్టు, ధారావాహికగా ప్రకటించింది. వాళ్ళు దానిని ‘రీప్లే’ అన్నారు. తరువాత అదొక సాహిత్యశాఖే అయింది. ఆ ఆటనుంచే రోదోస్ ద్వీప యుద్ధగాథ నవలలు, యానిమేషన్ చిత్రాలు వచ్చాయి. అందులో అందరికీ ప్రియమైన దీద్‌లిత్ అనే వనకన్య పాత్రను ఆ బల్ల దగ్గర వహించినది హిరోషి యమమోతో అనే మగ రచయిత. మగవాడు ఆడవేషం కట్టి అప్పటికప్పుడు పలికిన మాటలు అచ్చుకెక్కి ఒక దేశపు కథానాయిక పుట్టింది. మన సత్యభామలు ఎందరు, ఎన్ని రాత్రులు, ఎన్ని ఊళ్ళలో పలికారు! ఒక్క రాత్రినైనా ‘రీప్లే’గా వ్రాసుకున్నామా?

వ్రాస్తే ఆశువుగా పుట్టే గుణం చచ్చిపోతుందని కొందరు అంటారు. అందులో నిజం లేకపోలేదు. నిన్నటి మంచి జవాబును వ్రాసిపెడితే రేపటి నటుడు దానినే వల్లిస్తాడు, చట్రం బిగుసుకుంటుంది. అయితే వ్రాసే తీరులో తేడా ఉన్నది. ఇలా ఆడాలి అని వ్రాస్తే అది శాస్త్రం. ఫలానా రాత్రి ఇలా ఆడారు అని వ్రాస్తే అది సాక్ష్యం. పది రాత్రుల సాక్ష్యం పక్కపక్కన ఉంటే ఒకే ప్రశ్నకు పది జవాబులు కనబడతాయి. కొత్త నటుడు నేర్చుకునేది అప్పుడు జవాబును కాదు, జవాబు పుట్టే దారిని.

అలా వ్రాయడం ఎలాగో చూపినవాడు మన పక్కవాడే. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర సవర భాష నేర్చి, వాళ్ళ మాటను వాళ్ళు పలికినట్టే వ్రాతలో పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. లిపి లేని భాషలోని పలుకును దిద్దకుండా పట్టుకున్నవాడి ఊరివాళ్ళం, లిపి ఉన్న భాషలో మన భామ పలుకును పట్టుకోలేమా? కాకపోతే చేయి ఊరుకోదు. భామ ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని వ్రాస్తాం. ఆ ఒక్క అక్షరం పెట్టగానే ఆమె వంశధార ఒడ్డు దాటిపోతుంది.

సెల్‌ఫోనులో తీస్తే చాలదా అనవచ్చు. తీయవలసిందే. గొంతు, నడక, మృదంగం దెబ్బ కాగితం మీద ఉండవు. కాని ఆ మాటకు జనం ఎందుకు నవ్వారో ఫోను చెప్పదు. ఆ వారం ఊళ్ళో జరిగిన తగవు గాని, భామ చేయి చూపిన షావుకారు ఎవరో గాని తెలియకపోతే, ఇరవై ఏళ్ళ తరువాత చూసేవాడికి నవ్వు వినబడుతుంది, కారణం అందదు. కనుక పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి. తేది, ఊరు, సందర్భం, వేషధారులు, మృదంగం ఎవరిది, మాధవి ఏమడిగింది, భామ ఏమన్నది, జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ చప్పబడ్డారు. ఇంత చాలు. వీలైతే మర్నాడు వేషధారినే అడగాలి, ఆ మాట ఎలా తోచిందని. ఆలస్యమైతే ఆయన కూడా దానిని అందంగా మార్చి చెబుతాడు.

తూర్పు భాగవతం ఇంకా ఆడుతున్నారు. అందుచేత ఇది పోయినదానికోసం ఏడ్చే వ్యాసం కాదు. మీలో ఎవరైనా ఈ సంక్రాంతికో, అమ్మవారి సంబరానికో మా వైపు వచ్చి ఆట చూసే అవకాశం కలిగితే తెల్లవారి నిద్రపోకముందే నాలుగు పుటలు వ్రాయండి. దరువులు వ్రాయనక్కరలేదు, అవి ఉన్నాయి. మాధవి ముక్కెర అడిగినప్పుడు ఆమె ఏమన్నదో వ్రాయండి.