కోరంగి నుంచి రంగానికి: తెలుగు శ్రామికుల రంగూన్ వలస

ఉత్తరాంధ్ర తీరంలో పాతతరం వారి వాడుకలో ‘రంగం’ అంటే రంగూన్ నగరం. ‘రంగం వెళ్ళాడు’ అంటే సముద్రం దాటి సంపాదనకు వెళ్ళాడని అర్థం. మా ముత్తాత అలా వెళ్ళి తిరిగి వచ్చినవారిలో ఒకడు. ఆయన తెచ్చిన టేకు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆయన రాసిన ఉత్తరం మాత్రం ఒక్కటీ లేదు. ఆయనకు చదువు రాదు. ఈ వలస చరిత్రను రాయబూనిన వారెవరికైనా ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. వెళ్ళినవారు లక్షల్లో ఉన్నా, తమ అనుభవాన్ని అక్షరబద్ధం చేసినవారు బహు స్వల్పం.

కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి రంగూన్‌కు సాగిన ఈ ప్రయాణాన్ని సాధారణంగా కరువుతో ముడిపెట్టి వివరిస్తారు. 1876-78 నాటి మహాక్షామం దక్షిణ భారతాన్ని కుదిపివేసిన మాట నిజం. అయితే కరువు ఒక్కటే కారణమైతే వానలు కురిసిన ఏడు వలస ఆగిపోవాలి. అది ఆగలేదు. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తై డెల్టా పచ్చబడిన తరువాతనే, ఆ జిల్లా నుంచి కూడా పడవలెక్కినవారు పెరిగారు. నీరు పొలానికి వచ్చింది గాని పొలం లేనివాడికి రాలేదన్న సంగతిని డెల్టా ప్రగతిని కీర్తించే రచనలు తరచు విస్మరిస్తాయి.

ఈ తీరపట్టణాల ‘ప్రశాంతత’ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అది అనాదిగా ఉన్న స్వభావం కాదు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుపొందిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దాన్ని ఛిన్నాభిన్నం చేశాయి. నది మేట వేసింది. వర్తకం కాకినాడకు తరలింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ కొంతకాలం వెలిగింది. కాని అక్కడా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసేవి. సరుకులనూ మనుషులనూ పడవల మీద చేరవేయవలసి వచ్చేది. 1893 నాటికి తీరం వెంబడి రైలు రావడంతో చిన్న రేవులు ఒక్కొక్కటే వెలవెలబోయాయి. కాబట్టి మనం ఇప్పుడు ముచ్చటగా చెప్పుకునే భీమిలి నిశ్శబ్దం వెనుక, పని కరవైన చేతులు ఎన్నో ఉన్నాయి.

ఆవలి ఒడ్డున జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. రంగూన్‌ను వారు గళ్ళు గీసినట్టుండే వీధులతో కొత్తగా కట్టుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోగానే ఐరావతి డెల్టా బియ్యానికి ఐరోపా దారి దగ్గరైంది. అడవులు నరికి వరి పండించే పని చాలావరకు బర్మీయ రైతులు చేశారు. ఆ ధాన్యాన్ని మరపట్టడానికి, బస్తాలు మోయడానికి, ఓడలకెక్కించడానికి, విస్తరిస్తున్న నగరాన్ని ఊడ్చి శుభ్రం చేయడానికి చౌకగా దొరికే మనుషులు కావలసి వచ్చారు. 1920ల చివరి నాటికి ఏటా 3 లక్షలకు మించి భారతీయులు బర్మాలో దిగుతుండేవారు. దాదాపు అంతమందీ తిరిగి వెళ్ళేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభా సుమారు 4 లక్షలు. వారిలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు.

ఊరినీ నగరాన్నీ కలిపిన వ్యక్తి మేస్త్రీ. అతడు సాధారణంగా ఆ ప్రాంతం వాడే, వరసలు కలిపి పిలువదగినవాడే. ఓడ చార్జీ తాను పెట్టుకుని, ఇంట్లో వారి చేతికి కొంత బయానా ఇచ్చి, జట్టును వెంట తీసుకువెళ్ళేవాడు. అక్కడ దొరికే కూలి అతని చేతుల మీదుగానే వచ్చేది. అందులో అప్పు తరుగు, వడ్డీ, తిండి ఖర్చు, అతని వాటా పోగా మిగిలినది కూలివాడిది. ఈ పద్ధతిని కేవలం దోపిడిగా చూపడం తేలిక. అది దోపిడి కాదనడం అసాధ్యం. కాని భాష తెలియని మహానగరంలో పని వెదికిపెట్టి, జబ్బు పడితే పలకరించి, చనిపోతే ఇంటికి కబురందించగలవాడు కూడా ఆ మేస్త్రీయే. బంధుత్వమూ బాకీ ఒకే మనిషిలో కలిసిపోవడం వల్ల ఎదురు తిరగడం కష్టమైంది.

నగరంలో వారి నివాసాల గురించి, 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబర్ కమిషన్ కూడా ఆందోళన వ్యక్తం చేసింది. గాలి వెలుతురు లేని అద్దె గదుల్లో పదులకొద్దీ మనుషులు ఇరుక్కుని పడుకునేవారు. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు నడుం వాల్చేవాడు. వచ్చినవారిలో స్త్రీలు చాలా తక్కువ. అంటే కుటుంబం మొత్తం ఎన్నడూ ఊరు విడువలేదు. పురుషుడు నగరంలోను, భార్యాబిడ్డలు, కమతం, దైవం ఊరిలోను ఉండిపోయారు. దీన్ని తరలిపోవడం అనడం కంటే, ఒకే కుటుంబం రెండు ఒడ్డుల మీద నిలబడడం అనడం సముచితం. ఇక్కడ మిగిలిన స్త్రీలు వ్యవసాయపు పనినీ, అప్పులవారినీ ఎలా నెట్టుకొచ్చారో చెప్పే అధ్యయనం తెలుగులో రావలసి ఉంది. నా దృష్టిలో ఓడ ప్రయాణం కంటే అదే ముఖ్యమైన అంశం.

కోరంగి అన్న పేరు విషయంలో చరిత్ర ఒక విచిత్రమైన పని చేసింది. స్వదేశంలో శిథిలమైన రేవు పేరు పరదేశంలో మనుషుల పేరైంది. బర్మాలో తెలుగు కూలీలందరినీ ‘కోరంగీ’లనే పిలిచారు, ప్రభుత్వ పత్రాలలో సైతం అదే మాట చేరింది. గంజాం జిల్లా వాడూ, విశాఖ జిల్లా వాడూ, కోరంగిని కన్నెత్తి చూడనివాడూ ఆ పేరు కిందికే వచ్చారు. ఊళ్ళో ఒకరి గడప ఒకరు తొక్కని కులాలవారు అక్కడ ఒకే పేరుతో, ఒకే గదిలో ఉన్నారు. అంతమాత్రాన కులం కరిగిపోయిందని భావించరాదు. మలం ఎత్తే పని ఎవరికి దక్కిందో, బస్తా మోసే పని ఎవరికి దక్కిందో చూస్తే ఊరి నిచ్చెనమెట్లు ఓడ దాటి వచ్చాయని తెలుస్తుంది. రిక్షా లాగేవారిలో తెలుగువారు అధికం కావడంతో, ‘కోరంగీ’ అన్న మాటలో క్రమంగా ఈసడింపు కూడా చేరింది.

1930 మే నెలలో ఆ ఈసడింపు రక్తసిక్తమైంది. రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకుల కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. ఆర్థికమాంద్యపు రోజులవి, బర్మీయ పేదలకు కూడా ఆ కూలి అవసరమే. కొద్ది వారాలకు ఒప్పందం కుదిరి పాతవారు తిరిగి రాగా, మే 26న పనికి వచ్చిన బర్మీయులను వెనక్కి పంపారు. రేవులో మొదలైన ఘర్షణ నగరమంతటా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. మృతులలో అత్యధికులు తెలుగువారు. దీన్ని జాతివైరంగా మాత్రమే చదివేవారు, కూలి రేటును తక్కువగా ఉంచడానికి ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టిన వారి పాత్రను వదిలివేస్తున్నారు.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి పాలనాపరంగా విడిపోయింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలలో చోటు డబ్బున్నవారికి దొరికింది. మిగిలినవారు అడవులూ కొండలూ దాటి అరకాన్ వైపు, మణిపురం వైపు నడిచారు. అలా బయలుదేరిన భారతీయులు 4 లక్షలకు పైమాటే. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ సరిగా తీయలేదు.

తెలుగు పాఠకునికి రంగూన్ ఎలా పరిచయమైందన్నది ఆలోచించదగిన విషయం. 1903 నుంచి 1916 వరకు ఆ నగరంలో గుమస్తాగా పనిచేసిన శరత్‌చంద్ర చటోపాధ్యాయ తన నవలల్లో దాన్ని చిత్రించారు. ఆ నవలలు తెలుగింట ఎంతగా చదివారో చెప్పనక్కరలేదు. అంటే మన ఊరివాడు రిక్షా లాగిన వీధిని మనం ఒక వంగ రచయిత కళ్ళతో చూశాం. తెలుగు రంగస్థలం మీద ‘రంగూన్ రౌడీ’ నాటకం విరివిగా ఆడింది. మన సాహిత్య చరిత్రలలో వలస గురించిన అధ్యాయాలు గల్ఫ్‌తోనో అమెరికాతోనో మొదలవుతున్నాయి. ఇది ఆధారాలు లేకపోవడం వల్ల మాత్రమే జరిగిందనలేం. పుస్తకం రాసినవాడి ప్రయాణాన్నే ప్రయాణంగా గుర్తించే అలవాటు మనకుంది.

ఆధారాలు ఉన్నాయి. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఉంది. అక్కడ 1960లలో సైనిక ప్రభుత్వ విధానాల వల్ల తిరిగి వచ్చినవారి సంతతి ఉంది. ఊరి పాటల్లో, దెప్పుమాటల్లో, ఇంటిపేర్లకు తగిలించిన ‘రంగం’లో, పాత ఇళ్ళ టేకు స్తంభాలలో ఆ చరిత్ర ఉంది. వీటిని నమోదు చేయదగిన వయసువారు ఇప్పుడు ఎనభైలలో ఉన్నారు. మా పెట్టె మూత లోపలి వైపు బొగ్గుతో గీసిన గీతల వరుస ఒకటి ఉంది. అవి నెలలో, బాకీ కిస్తీలో మా ఇంట్లో చెప్పగలిగినవారు లేరు. అడగదగిన చివరి మనిషి, మా నాయనమ్మ, నేను పీహెచ్‌డీ అంశం ఎంచుకునే ఏడాదిలోనే పోయింది.