కరువు మాట వినకముందే కానుక చేరాలి

కరువు సహాయానికి ప్రత్యేక కానుక పట్టడం మన సంఘాలకు కొత్త కాదు. ఎముకలు తేలిన పసిబిడ్డ ఫోటో ఫోనులో వచ్చిన ఆదివారం కానుక పెట్టె నిండుతుంది. మూడు వారాలు గడిచేసరికి ఆ మాటే వినబడదు. ఇచ్చినవారి మనసును మేము తప్పుపట్టడం లేదు. కానీ ఆ ఫోటో మన దాకా వచ్చేసరికే ఎందరో పిల్లలకు సమయం మించిపోయి ఉంటుంది. సోమాలియాలో జరిగినది చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

సోమాలియాలో ఏం జరిగింది?

తూర్పు ఆఫ్రికాలోని ఈ దేశానికి ఏటా రెండు వానకాలాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఒకటి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు మరొకటి. 2010 చివర కురవాల్సిన వాన కురవలేదు. 2011లో రెండో వాన కూడా సరిగా పడలేదు. మేకలు, ఒంటెలు, ఆవులే ఆస్తిగా బ్రతికే కుటుంబాల మందలు చచ్చిపోయాయి. జొన్నల ధర పేదవాడికి అందకుండా పోయింది. ఈ ముప్పు రాబోతోందని కరువు నిపుణులు 2010 ఆగస్టు నుంచే హెచ్చరిస్తూ వచ్చారు.

ఐక్యరాజ్యసమితి 2011 జూలై 20న దక్షిణ సోమాలియాలోని రెండు ప్రాంతాలలో క్షామం ఉన్నట్టు ప్రకటించింది. ఆ తరువాతే ప్రపంచం నుంచి డబ్బు పెద్ద ఎత్తున కదిలింది. 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ విపత్తులో సుమారు 2 లక్షల 58 వేల మంది చనిపోయారు. వారిలో 1 లక్షా 33 వేల మంది అయిదేళ్లలోపు పిల్లలు. మొత్తం మృతులలో దాదాపు సగం మంది ఆ ప్రకటన వెలువడకముందే చనిపోయారు.

ప్రకటన ఎందుకు ఆలస్యమవుతుంది?

క్షామం అనే మాటకు లెక్క ఉంది. ఒక ప్రాంతంలో నూటికి కనీసం 20 కుటుంబాలకు తిండి దాదాపు లేకపోవాలి. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 30 మంది తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి. ప్రతి పదివేల మందిలో రోజుకు ఇద్దరు చనిపోతూ ఉండాలి. మూడో గుర్తు సమాధులను లెక్కపెట్టి తేల్చేది. కనుక ఆ మాట కోసం ఎదురుచూడడమంటే మరణాల కోసం ఎదురుచూడడమే.

2020 చివరి నుంచి సోమాలియాలో వరుసగా అయిదు వానకాలాలు విఫలమయ్యాయి. ఈసారి సహాయం కొంత ముందుగా పెరిగింది, క్షామ ప్రకటన అవసరం రాలేదు. అయినా 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 43 వేల మంది అదనంగా చనిపోయి ఉంటారని, వారిలో సగం మంది అయిదేళ్లలోపు పిల్లలని నిపుణులు అంచనా వేశారు.

వానతో పాటు తుపాకీ

వాన లేకపోవడం ఒక్కటే ఇంతమందిని చంపదు. 2011లో పొరుగున ఉన్న కెన్యా, ఇథియోపియాలలోనూ వర్షాభావమే. క్షామం మాత్రం సోమాలియాలోనే వచ్చింది. దక్షిణ సోమాలియా అల్ షబాబ్ సాయుధుల చేతిలో ఉండేది. వారు అనేక సహాయ సంస్థలను రానివ్వలేదు. మరోవైపు, తమ డబ్బు సాయుధుల చేతికి పోతే ఉగ్రవాద వ్యతిరేక చట్టాల కింద శిక్ష పడుతుందన్న భయంతో దాతలు వెనక్కి తగ్గారు. మధ్యలో నలిగింది తల్లులు, బిడ్డలు. రోజుల తరబడి నడిచి కెన్యాలోని దదాబ్ శిబిరానికి చేరినవారు ఆ రోజుల్లో రోజుకు వెయ్యికి పైమాటే. పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ సాధనంగా వాడడాన్ని ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2018 మే నెలలో 2417 సంఖ్య గల తీర్మానం చేసింది.

బిడ్డను బ్రతికించేది ఏది?

ఆకలిగొన్న బిడ్డను ఎక్కువగా చంపేది తట్టు, విరేచనాలు, న్యుమోనియా. చిక్కిపోయిన శరీరం వాటిని తట్టుకోలేదు. కాబట్టి టీకా, మంచినీరు కూడా ఆహార సహాయంతో సమానమే. చిక్కిన బిడ్డను గుర్తించడానికి రంగుల టేపు చాలు. అయిదేళ్లలోపు బిడ్డ దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ప్రాణాపాయం ఉన్నట్టే. అలాంటి బిడ్డకు వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన పొట్లం ఇస్తారు. 92 గ్రాముల పొట్లంలో 500 క్యాలరీల శక్తి ఉంటుంది. నీళ్లు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. ఇతర జబ్బులు లేని బిడ్డకు తల్లే ఇంటి దగ్గర తినిపించవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది కోలుకుంటారు. కానీ ఆ పొట్లాలు కరువు ముదరకముందే గోదాములకు చేరి ఉండాలి. దానికి డబ్బు అంతకన్నా ముందే అందాలి.

మన నేల మీది పాఠం

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించారు. సహాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆయన ఉద్దేశం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం తరచు చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పుకోవడం తక్కువ. ఆకలితో ఉన్నవారికి షరతు పెట్టకూడదన్న అదే సూత్రాన్ని రెడ్‌క్రాస్, ఇతర సహాయ సంస్థలు 1994లో ప్రవర్తనా నియమావళిగా రాసుకున్నాయి. సోమాలియాలో దాదాపు అందరూ ముస్లింలే. మన కానుక వారి బిడ్డకు చేరేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

సంఘాలకు మా మనవి

ప్రత్యేక కానుక పట్టే ఆదివారం కోసం ఆగవద్దు. సంఘ బడ్జెట్‌లో చిన్న మొత్తమైనా సరే, నెలనెలా కరువు సహాయానికి కేటాయించండి. పాత బట్టలు, బియ్యం మూటలు పోగుచేయడం కన్నా డబ్బు ఇవ్వడం మేలు. అక్కడి అంగడిలో సరుకు ఉన్నచోట కుటుంబం తనకు కావలసినది తానే కొనుక్కుంటుంది. ఇచ్చే ముందు ఆ సంస్థ రిజిస్ట్రేషన్, ఏటా వెలువడే ఆడిట్ లెక్కలు సంఘ పెద్దలు చూడాలి. బిడ్డల అవమానకరమైన ఫోటోలతో డబ్బు అడిగేవారి విషయంలో జాగ్రత్త అవసరం.

అంతియొకయ సంఘాన్ని గుర్తుచేసుకుందాం. కరువు రాబోతోందని అగబు చెప్పినప్పుడు ఆ విశ్వాసులు ఆకలి కేకలు వినబడేదాకా ఆగలేదు. ఎవరి శక్తి కొలది వారు యూదయలోని సహోదరులకు సహాయం పంపాలని నిశ్చయించుకుని, బర్నబా, సౌలుల చేత పంపించారు. వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా పాఠకులను కోరుతున్నాం.