ఉపగ్రహ బ్యాటరీలు

భూస్థిర కక్ష్యలోని సమాచార ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లినప్పుడు సౌరఫలకాలు పనిచేయవు. అప్పుడు దాన్ని నడిపేది మళ్లీ మళ్లీ చార్జి అయ్యే బ్యాటరీ. మార్చి, సెప్టెంబరు విషువత్తులకు అటూ ఇటూ ఏటా రెండు గ్రహణకాలాలు, ఒక్కొక్కటి సుమారు 45 రోజులు వస్తాయి. నీడ రోజుకు గరిష్ఠంగా 72 నిమిషాలు. డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలను మోసే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. కాబట్టి కడప జిల్లా వేములలో ఆ డిష్ ఉన్న ఇంట్లో మార్చి మూడోవారం రాత్రి పదకొండున్నరకు టీవీలో బొమ్మ వస్తోందంటే అది బ్యాటరీ చలవే.

మొదట రాజ్యమేలింది నికెల్-కాడ్మియం. 1962 నాటి టెల్‌స్టార్‌లో, 1975 నాటి ఆర్యభటలో, 1981 నాటి యాపిల్‌లో ఉన్నవి అవే. మొండివి, నమ్మకమైనవి, బరువైనవి. ఎప్పుడూ కొంచెం కొంచెమే వాడుతుంటే వీటి సత్తువ తగ్గుతుంది. అందుకని గ్రహణకాలానికి ముందే భూమి నుంచి ఆదేశాలు పంపి, బాగా ఖాళీ చేయించి, నిదానంగా తిరిగి నింపేవారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎడ్యుశాట్‌లోనూ 24 ఆంపియర్-అవర్లవి రెండున్నాయి. అప్పటికి ప్రపంచం వేరే దారి పట్టినా, చెడితే బాగుచేసే దిక్కులేని చోటికి పాత సరుకునే పంపడంలో వివేకముంది.

ఆ వేరే దారి నికెల్-హైడ్రోజన్. 1977లో అమెరికా ఎన్‌టీఎస్-2తో మొదలై, 1983లో ఇంటెల్‌శాట్-5 వరుసకు చేరింది. చార్జి ఎక్కేకొద్దీ హైడ్రోజన్ పుడుతుంది, వాడేకొద్దీ తరుగుతుంది. ఘటంలో పీడనం ఎంతో చూస్తే చార్జి ఎంత మిగిలిందో తెలిసిపోతుంది! ఆ పీడనానికి ఓర్చే లోహపు డొల్లలు చోటు తినేసేవి. 1990లో హబుల్ టెలిస్కోపుతో వెళ్లిన ఈ బ్యాటరీలను 2009లో గానీ మార్చలేదు.

లిథియం-అయాన్‌తో భూస్థిర కక్ష్యకు వెళ్లిన తొలి సమాచార ఉపగ్రహం 2004 నాటి యూటెల్‌శాట్ డబ్ల్యూ3ఏ. అంతే శక్తికి బరువు దాదాపు సగం. మిగిలిన బరువును ఇంధనానికో ట్రాన్స్‌పాండర్లకో వాడుకోవచ్చు. అయితే అతిచార్జిని ఇది సహించదు, ఒక్కో ఘటం వోల్టేజీని విడిగా కనిపెట్టాలి. 2011 జులై 15న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ17 మోసుకెళ్లిన 1,410 కిలోల జీశాట్-12లో 64 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కటే ఉంది. 2015 నాటి జీశాట్-15లో 100 ఆంపియర్-అవర్లవి మూడు.

తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం 1.5 నుంచి 100 ఆంపియర్-అవర్ల లిథియం ఘటాలను సొంతంగా రూపొందించింది. విద్యుత్ వాహనాలను దృష్టిలో పెట్టుకుని 2018లో ఇస్రో ఆ పరిజ్ఞానాన్ని పరిశ్రమలకు ఇవ్వజూపింది. మరుసటి ఏడాది ఎంపికైన పది సంస్థల్లో చిత్తూరు జిల్లా అమరరాజా, హైదరాబాద్ జీఓసీఎల్ ఉన్నాయి.